ఇంట్లో గంజాయి మొక్క ఒక్కటైనా నేరమే

మట్టి లేకుండా పెంచినా, పూత రాకపోయినా చట్టం దృష్టిలో సాగే
విద్యార్థులు, తల్లిదండ్రులు, ఇళ్లు అద్దెకిచ్చేవారు తెలుసుకోవలసిన వివరాలు

కంఠేశ్వర్ (నిజామాబాద్): గంజాయి సాగు అనగానే జిల్లా పాఠకునికి గుర్తుకువచ్చేది పొలం. కంది, పత్తి, మక్క, చెరకు వంటి ఎత్తుగా పెరిగే పంటల నడుమ అక్కడొకటి, ఇక్కడొకటి నాటి దాచడం పాత పద్ధతి. ఆబ్కారీ, పోలీసు సిబ్బంది చేలల్లో తిరిగి ఆ మొక్కలను పీకి తగులబెట్టడం తెలిసిన దృశ్యమే. ఇటీవలి సంవత్సరాల్లో ఈ మొక్క చేను విడిచి గదిలోకి ప్రవేశించింది. తలుపులు మూసిన గదిలో, విద్యుద్దీపాల వెలుతురులో, పోషకాలు కలిపిన నీటితో మొక్కలను పెంచే హైడ్రోపోనిక్స్ విధానాన్ని కొందరు గంజాయికి వాడుకుంటున్నారు.

‘ఒకటి రెండు మొక్కలే కదా’, ‘అమ్మడానికి కాదు, సొంతానికే కదా’, ‘ఇంకా పూతయినా రాలేదు కదా’ అనే మాటలు ఈ విషయంలో తరచుగా వినిపిస్తాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చట్టం ముందు రక్షణ కాదు. మాదకద్రవ్యాల నిరోధక చట్టం మొక్కల సంఖ్యను అడగదు, మట్టిని అడగదు, పూతను అడగదు. గంజాయి మొక్కను పెంచారా, లేదా అన్నది మాత్రమే అడుగుతుంది. పెంచినట్లు రుజువైతే పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చు. చదువు, ఉద్యోగం, గల్ఫ్ ప్రయాణం వంటి ఆశలతో ఉన్న యువకుని జీవితం ఒక కుండీ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉన్నందున ఈ చట్టం ఏం చెబుతున్నదో ప్రతి కుటుంబం తెలుసుకోవడం అవసరం.

చేను నుంచి గదికి

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి లోపలి గంజాయి సాగు పెద్దగా చర్చకు వచ్చినది 2017 మార్చిలో. హైదరాబాద్ శివారులోని మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో సుమారు 40 కుండీల్లో గంజాయి మొక్కలు పెంచుతున్న వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. గదుల్లో ప్రత్యేక దీపాలు, ఫ్యాన్లు, ఏసీ అమర్చి మొక్కలకు కావలసిన వాతావరణాన్ని కల్పించినట్లు అప్పట్లో వెల్లడైంది. చుట్టూ కుటుంబాలు కాపురముంటున్న భవనంలో ఇటువంటి సాగు జరగడం నగరవాసులను విస్మయపరచింది.

పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో ఇది మరింత ముందుకు వెళ్లింది. 2021లో బెంగళూరు సమీపంలోని బిడది వద్ద ఒక విల్లాలో హైడ్రోపోనిక్స్ పద్ధతిలో పెంచుతున్న 130 వరకు గంజాయి మొక్కలను బెంగళూరు కేంద్ర నేర విభాగం పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. 2023 జూన్‌లో శివమొగ్గలో అద్దె ఇంట్లో గంజాయి పెంచుతున్నారన్న అభియోగంపై వైద్య విద్యార్థులను అరెస్టు చేశారు. వైద్యులు కావలసినవారు నిందితులుగా కోర్టు మెట్లు ఎక్కవలసి రావడం ఈ వ్యవహారం ఎవరి తలుపు తడుతున్నదో తెలియజేస్తుంది.

మరోవైపు, విదేశాల్లో ఇదే పద్ధతిలో పెంచిన గంజాయి విమానాల్లో వస్తున్నది. బ్యాంకాక్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి చేరిన ప్రయాణికుల సామానులో ‘హైడ్రోపోనిక్ గంజాయి’ పట్టుబడిన సంఘటనలు 2024, 2025 సంవత్సరాల్లో పలుమార్లు జరిగాయి. సాధారణ గంజాయి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర పలుకుతుందన్న ప్రచారమే కొందరిని సొంత గదిలో పెంపకం వైపు లాగుతున్నదని చెప్పవచ్చు.

నిజామాబాద్ జిల్లా భౌగోళికంగా కూడా జాగ్రత్తగా ఉండవలసిన స్థితిలో ఉన్నది. డిచ్‌పల్లి, ఆర్మూర్ మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి, సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గం, బోధన్ దాటగానే సాలూర వద్ద మహారాష్ట్ర సరిహద్దు జిల్లాను ఉత్తర, పశ్చిమ ప్రాంతాలతో కలుపుతున్నాయి. సరుకుల రాకపోకలకు అనువైన దారులే అక్రమ రవాణాకూ అనువుగా మారుతుంటాయి.

హైడ్రోపోనిక్స్ తప్పు కాదు

హైడ్రోపోనిక్స్ అనే మాట వినగానే అనుమానించవలసిన పని లేదు. మట్టికి బదులుగా నీటిలో కరిగించిన పోషకాలను వేళ్లకు అందించి మొక్కలను పెంచే శాస్త్రీయ పద్ధతి ఇది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరిక్ 1930ల్లో టమాటా మొక్కలను ఈ విధంగా పెంచి చూపి, 1937లో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు. మన దేశంలో 1940ల్లో బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ తక్కువ ఖర్చుతో ఇదే పని చేసే విధానాన్ని రూపొందించారు. అది ‘బెంగాల్ పద్ధతి’గా ప్రసిద్ధి చెందింది.

మిద్దెపైన, బాల్కనీలో పాలకూర, పుదీనా, కొత్తిమీర, టమాటా, మిరప వంటివి ఈ పద్ధతిలో పెంచుకోవడానికి ఎటువంటి అడ్డంకి లేదు. నీరు తక్కువ పడుతుంది, స్థలం కలిసివస్తుంది. పైపులు, తొట్లు, దీపాలు, పోషక ద్రావణాలు కొనడం నేరం కాదు. వాటిలో గంజాయి మొక్క నిలబడినప్పుడే నేరం మొదలవుతుంది. కాబట్టి పొరుగింటి మిద్దెపై పైపుల్లో ఆకుకూరలు కనిపించగానే ఫిర్యాదుకు పరుగెత్తడం సరికాదు.

మొక్క వేరు, గంజాయి వేరు

చట్టాన్ని అర్థం చేసుకోవాలంటే రెండు మాటల మధ్య తేడా తెలియాలి. మాదకద్రవ్యాలు, మనోప్రేరిత పదార్థాల చట్టం 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. పత్రికల్లో ఎన్‌డీపీఎస్ చట్టంగా కనిపించేది ఇదే. ఇందులోని 2వ సెక్షన్ ప్రకారం ‘గంజాయి’ అంటే ఆ మొక్క పూత లేదా కాత దశలోని కొసలు. కొసలతో కలిసి లేనప్పుడు గింజలు, ఆకులు ఈ నిర్వచనంలోకి రావు. మొక్క నుంచి తీసిన జిగురు ‘చరస్’. ఆకుతో తయారయ్యే భంగు రాష్ట్రాల ఆబ్కారీ చట్టాల పరిధిలోకి వస్తుంది.

అయితే అదే సెక్షన్ ‘గంజాయి మొక్క’ను విడిగా నిర్వచించింది. ఆ జాతికి చెందిన ఏ మొక్క అయినా గంజాయి మొక్కే. ఆడ మొక్కా, మగ మొక్కా, నారు దశలో ఉన్నదా, పూతకు వచ్చిందా అనే తేడా అక్కడ లేదు. మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే రసాయనం ప్రధానంగా ఆడ మొక్క పూతలోని జిగురులో ఉంటుంది కాబట్టి దొంగచాటు పెంపకందారుల దృష్టి అంతా పూతపైనే ఉంటుంది. చట్టం దృష్టి మాత్రం మొక్కపైనే ఉన్నది. పూత రాకముందు పట్టుబడితే అది గంజాయి కాదన్న వాదన ‘గంజాయి కలిగి ఉండటం’ అనే నేరానికి సంబంధించినది. ‘గంజాయి మొక్కను సాగు చేయడం’ అనే నేరానికి ఆ వాదన వర్తించదు.

ఏ సెక్షన్ ఏం చెబుతుంది

– 8వ సెక్షన్: వైద్య, శాస్త్రీయ అవసరాలకు ప్రభుత్వ అనుమతితో తప్ప గంజాయి మొక్కను సాగు చేయరాదు. గంజాయిని కలిగి ఉండటం, కొనడం, అమ్మడం, రవాణా చేయడం, వాడటం నిషిద్ధం.

– 20(ఎ) సెక్షన్: గంజాయి మొక్కను సాగు చేస్తే పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. దీనికి కనీస మొక్కల సంఖ్య గాని, బరువు గాని లేదు.

– 20(బి) సెక్షన్: గంజాయిని కలిగి ఉన్నప్పుడు బరువును బట్టి శిక్ష ఉంటుంది. కిలో వరకు స్వల్ప పరిమాణం. ఏడాది వరకు కఠిన కారాగారం లేదా పదివేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. కిలోకు మించి, వాణిజ్య పరిమాణానికి తక్కువైతే పదేళ్ల వరకు శిక్ష, లక్ష వరకు జరిమానా. వాణిజ్య పరిమాణం 20 కిలోలు. ఆ స్థాయిలో శిక్ష పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల వరకు ఉండవచ్చు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షల వరకు.

– 25వ సెక్షన్: తన ఇంటిని, గదిని, స్థలాన్ని, వాహనాన్ని ఈ నేరానికి వాడుకోవడానికి తెలిసి అనుమతించినవారికి అసలు నేరానికి పడే శిక్షే పడుతుంది.

– 27వ సెక్షన్: గంజాయి సేవించినందుకు ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా లేదా రెండూ.

– 29వ సెక్షన్: నేరానికి ప్రేరేపించినవారు, కుట్రలో పాలుపంచుకున్నవారు అదే శిక్షకు అర్హులు.

– 31వ సెక్షన్: ఒకసారి శిక్ష పడినవారు తిరిగి అదే తరహా నేరం చేస్తే గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లు అవుతుంది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన విచిత్రం ఒకటున్నది. ఎవరి జేబులోనైనా పావు కిలో గంజాయి దొరికితే గరిష్ఠ శిక్ష ఏడాది. ఎవరి గదిలోనైనా పూత లేని నాలుగు మొక్కలు దొరికితే గరిష్ఠ శిక్ష పదేళ్లు. ‘కొనడం ప్రమాదం, ఇంట్లో పెంచుకుంటే భద్రం’ అని తలచినవాడు తెలియకుండానే చిన్న నేరం నుంచి పెద్ద నేరంలోకి అడుగుపెడుతున్నాడు.

‘తానే మొలిచింది’ అంటే చెల్లుతుందా?

గంజాయి మొక్క కొన్ని ప్రాంతాల్లో కలుపులా తనంతట తానే మొలుస్తుంది. అందుకే పొలంలో మొక్క కనిపించినంత మాత్రాన పట్టాదారును దోషిగా తేల్చడానికి వీలులేదు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో 2004లో వెలువడిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కుటుంబ భూమిలో మొక్కలు ఉన్నప్పటికీ వాటిని నిందితుడే సాగు చేసినట్లు సాక్ష్యం లేనందున అతనిని నిర్దోషిగా విడుదల చేసింది. సాగు అంటే మొక్క ఉండటం కాదు, మనిషి పూనుకుని పెంచడం అన్నది ఇందులోని సారాంశం.

అయితే, నిందితుడు సాగు చేసిన భూమిలో గంజాయి మొక్క పెరుగుతున్నట్లు తేలితే ఆ మేరకు అతడు నేరం చేసినట్లుగానే కోర్టు భావించవచ్చునని, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అతనిదేనని 54వ సెక్షన్ చెబుతున్నది. నేరబుద్ధి ఉన్నట్లు భావించడానికి 35వ సెక్షన్ అవకాశమిస్తున్నది.

గది సాగు విషయంలో పొలం యజమానికి ఉన్న ఈ వెసులుబాటు ఆచరణలో దాదాపు ఉండదు. నాలుగు గోడల మధ్య, నీటి తొట్టిలో, దీపం కింద మొక్క తనంతట తాను మొలిచిందని ఎవరూ నమ్మరు. తెప్పించిన పరికరాలు, చెల్లించిన బిల్లులు, ఫోనులోని ఛాయాచిత్రాలు, మిత్రులతో జరిపిన సందేశాలు అన్నీ సాక్ష్యాలవుతాయి. మట్టి లేని సాగు నేరాన్ని దాచదు సరికదా, ఉద్దేశపూర్వకంగా చేసినదని తానే చెబుతుంది.

ఇల్లు అద్దెకిచ్చేవారి బాధ్యత

కంఠేశ్వర్ వంటి పట్టణ ప్రాంతాల్లో పై అంతస్తును, వెనుక గదిని అద్దెకిచ్చి ఆ ఆదాయంతో సంసారం నెట్టుకొచ్చే కుటుంబాలు ఉన్నాయి. అద్దెదారు తలుపు మూసుకుని ఏం చేస్తున్నాడో యజమానికి తెలియకపోవచ్చు. తెలియకపోతే 25వ సెక్షన్ వర్తించదు; ‘తెలిసి అనుమతించడం’ అన్నదే అక్కడ కీలకం. కాని తెలిసిన తరువాత అద్దె పోతుందని మౌనంగా ఉంటే ఆ మౌనమే చిక్కు తెచ్చిపెడుతుంది.

భూమిలో అక్రమంగా గంజాయి సాగు జరుగుతున్నదని తెలిసినప్పుడు భూమి కలిగినవారు వెంటనే పోలీసులకు లేదా సంబంధిత శాఖల అధికారులకు తెలియజేయాలని 46వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. తెలిసీ నిర్లక్ష్యం చేస్తే శిక్షార్హులు. సర్పంచులు, గ్రామాధికారులు, ప్రభుత్వోద్యోగులకు ఇటువంటి బాధ్యతనే 47వ సెక్షన్ అప్పగించింది.

యజమానులు పాటించదగిన జాగ్రత్తలు ఇవి:

– అద్దె ఒప్పందం కాగితంపై రాసుకోవాలి. అద్దెదారు గుర్తింపు పత్రాల నకలు తీసుకోవాలి. వివరాలను స్థానిక పోలీసు స్టేషన్‌లో ఇవ్వవచ్చు.

– ఇంటిని చట్టవిరుద్ధమైన పనులకు వాడరాదన్న షరతును ఒప్పందంలో చేర్చాలి.

– మరమ్మతుల నిమిత్తం ముందుగా చెప్పి ఇల్లు చూసే హక్కును ఒప్పందంలోనే ఉంచుకోవాలి. చెప్పకుండా తాళం తీసి ప్రవేశించడం సరికాదు.

– మొక్కలు కంటబడితే వాటిని పీకడం, తగులబెట్టడం, అద్దెదారుతో తగవు పడటం చేయరాదు. అది సాక్ష్యాన్ని చెరిపినట్లవుతుంది. వెంటనే సమాచారం ఇవ్వాలి.

చట్టం సంగతి అటుంచితే ఇంటికి కూడా ఇది చేటే. గృహావసరాలకు వేసిన వైరింగ్‌పై పగలు రాత్రి ఎక్కువ శక్తి గల దీపాలు, మోటార్లు నడిపితే తీగలు వేడెక్కి మంటలు చెలరేగే ప్రమాదం ఉంది. గాలి ఆడని గదిలో తేమ నిలిచి గోడలకు బూజు పడుతుంది. కింది వాటాలో పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న వృద్ధులు ఉంటే ఆ బూజు వారి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

సోదా జరిగితే హక్కులేమిటి?

చట్టం కఠినమైనదే అయినా సోదాకు కొన్ని నియమాలు పెట్టింది. అధీకృత అధికారి తనకు అందిన సమాచారాన్ని రాతపూర్వకంగా నమోదు చేసుకోవాలని 42వ సెక్షన్ చెబుతున్నది. వారంటు లేకుండా ఇంట్లోకి ప్రవేశించే అధికారం సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉంటుంది. రాత్రి వేళ వారంటు లేకుండా ప్రవేశించాలంటే అందుకు కారణాలను నమోదు చేయాలి. మనిషి ఒంటిపై సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో చేయాలని కోరే హక్కు 50వ సెక్షన్ కల్పించింది. స్త్రీలను స్త్రీలే సోదా చేయాలి. స్వాధీనం చేసుకున్న సరుకు జాబితాను మేజిస్ట్రేటు చేత ధ్రువీకరింపజేసి, ఆయన సమక్షంలో నమూనాలు తీయాలన్నది 52(ఎ) సెక్షన్ సారాంశం.

బెయిల్ విషయంలో 37వ సెక్షన్ విధించిన ప్రత్యేక ఆంక్షలు ప్రధానంగా వాణిజ్య పరిమాణం కేసులకు వర్తిస్తాయి. మిగిలిన కేసుల్లో బెయిల్ ఇవ్వడం కోర్టు విచక్షణపై ఆధారపడుతుంది. న్యాయవాదిని పెట్టుకునే స్థోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు.

కక్షతో తప్పుడు సమాచారమిచ్చి ఇతరుల ఇంటిపై సోదా జరిపించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చునని 58వ సెక్షన్ హెచ్చరిస్తున్నది. అకారణంగా వేధింపు సోదా చేసిన అధికారికి కూడా ఇదే సెక్షన్ కింద శిక్ష ఉన్నది.

రైతుకు, కార్మికునికి, విద్యార్థికి నష్టం

జైలుశిక్ష కంటే ముందుగానే కేసు తన పని మొదలుపెడుతుంది. గంజాయి సాగు చేసే రైతులకు రైతుబంధు సాయం నిలిపివేయాలని 2021 అక్టోబరులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. నాలుగు మొక్కల ఆశతో సర్కారు సాయాన్ని పోగొట్టుకునే పరిస్థితి అప్పుడు ఏర్పడింది.

నిజామాబాద్ జిల్లా నుంచి వేలాది మంది గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన సంగతి తెలిసినదే. పాస్‌పోర్టుకు, వీసాకు పోలీసు ధ్రువీకరణ అవసరమవుతుంది. క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే అక్కడే ఆటంకం ఎదురవుతుంది. ప్రభుత్వోద్యోగానికి ఎంపికైనవారి పూర్వాపరాల విచారణలోనూ ఇదే జరుగుతుంది. కేసు చివరకు కొట్టివేసినా కోర్టు చుట్టూ తిరిగిన సంవత్సరాలు వెనక్కు రావు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల కేసులు బాలల న్యాయ మండలి ముందుకు వస్తాయి. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినా, వారిని రవాణాకు, అమ్మకానికి వాడుకున్నా 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పెద్దలకు ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష వరకు జరిమానా ఉన్నాయి.

‘ఇంటిది స్వచ్ఛం’ అనే భ్రమ

రసాయనాలు కలపని, ఇంట్లో పెరిగిన గంజాయి హాని చేయదన్న అభిప్రాయం కొందరిలో ఉన్నది. హాని చేసేది కల్తీ మాత్రమే కాదు, అందులోని టీహెచ్‌సీ కూడా. ఎంపిక చేసిన రకాలను గదుల్లో పెంచినప్పుడు ఈ రసాయనం మోతాదు మామూలు గంజాయిలో కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. యూరప్, బ్రెజిల్‌లలోని 11 ప్రాంతాల్లో జరిపి 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, టీహెచ్‌సీ పది శాతం లేదా అంతకు మించి ఉన్న గంజాయిని ప్రతిరోజూ వాడేవారిలో తీవ్ర మానసిక వ్యాధి వచ్చే అవకాశం, అసలు వాడనివారితో పోలిస్తే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. మెదడు ఇంకా ఎదుగుతున్న కౌమార వయసులో మొదలుపెట్టినవారికి ముప్పు అధికం.

మన దేశంలో 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ వెలువరించిన ఎయిమ్స్ సర్వే ప్రకారం, పది నుంచి 75 ఏళ్ల మధ్య వయస్కుల్లో 2.8 శాతం, అంటే సుమారు 3.1 కోట్ల మంది అంతకుముందు ఏడాదిలో గంజాయి మొక్కకు చెందిన ఏదో ఒక పదార్థాన్ని వాడారు. వారిలో గంజాయి, చరస్ వాడినవారు సుమారు 1.3 కోట్ల మంది.

నిద్ర వేళలు మారిపోవడం, చదువుపై శ్రద్ధ తగ్గడం, పాత స్నేహితులను వదలడం, కళ్లు ఎర్రబడటం, డబ్బు లెక్కలు తేలకపోవడం, లేనిపోని అనుమానాలు, భయాలు పెరగడం వంటి మార్పులను తల్లిదండ్రులు గమనించాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గంజాయేనని తీర్మానించరాదు. పలు మార్పులు కలిసి కనిపిస్తే నిలదీయడానికి బదులు కూర్చోబెట్టి మాట్లాడి, వైద్యునికి చూపించడం మంచిది.

మాన్పించే దారి ఉన్నది

మత్తును అడ్డుకోవడం ఒక్కటే సరిపోదన్న పాఠాన్ని ఈ జిల్లా గతంలోనే నేర్చుకుంది. 2015లో కల్తీ కల్లుపై అధికారులు ఉక్కుపాదం మోపినప్పుడు, దానికి అలవాటుపడినవారు పలువురు వణుకు, మతి తప్పడం వంటి లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. సరఫరా ఆగిన చోట చికిత్స సిద్ధంగా ఉండాలన్న సంగతి అప్పుడు అందరికీ అర్థమైంది.

గంజాయి మానినప్పుడు తొలి వారంలో నిద్రలేమి, చికాకు, ఆకలి మందగించడం వంటివి సాధారణం. వైద్య సలహా, కుటుంబం అండ ఉంటే ఇవి తగ్గుతాయి. నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులను సంప్రదించవచ్చు. తీవ్రమైన కేసులకు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం ఉన్నది.

చట్టంలోని 64(ఎ) సెక్షన్ కూడా చికిత్సకు తలుపు తెరిచింది. మత్తుకు బానిసైన వ్యక్తి సేవించిన నేరంలో గాని, స్వల్ప పరిమాణం నేరంలో గాని నిందితుడైనప్పుడు, స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు పొందవచ్చు. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. సేవించే దశలోనే బయటపడే దారిని చట్టం చూపుతున్నది కాబట్టి, పెంపకం దాకా పోకముందే ఆ దారి పట్టడం మేలు.

విదేశాల్లో అనుమతి, ఇక్కడ కాదు

కెనడా 2018లో పెద్దలకు ఇంటికి నాలుగు మొక్కల వరకు అనుమతించింది. క్యూబెక్, మానిటోబా రాష్ట్రాలు తొలుత దీనిని నిషేధించాయి. జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి పెద్దలకు మూడేసి మొక్కలను అనుమతించింది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తొలగించి, 2025లో తిరిగి వైద్యుని చీటీ ఉండాలన్న నిబంధన తెచ్చింది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘం 2020 డిసెంబరులో గంజాయిని అత్యంత కఠిన జాబితా నుంచి తొలగించే తీర్మానాన్ని 27–25 ఓట్లతో ఆమోదించింది. భారత్ కూడా దానికి అనుకూలంగా ఓటు వేసింది.

ఇవేవీ మన దేశంలోని నిషేధాన్ని ఎత్తివేయలేదు. నార, గింజల కోసం పారిశ్రామిక సాగును ప్రభుత్వ ఉత్తర్వుతో అనుమతించే వీలు 14వ సెక్షన్‌లో ఉన్నది. ఉత్తరాఖండ్ 2018లో టీహెచ్‌సీ 0.3 శాతానికి మించని రకాలకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. జమ్మూలోని కేంద్ర పరిశోధన సంస్థ ఔషధాల కోసం అనుమతితో పరిశోధన చేస్తున్నది. ఇవి లైసెన్సులు, తనిఖీల మధ్య జరిగే పనులు. ఇంటి గదిలో సొంతంగా పెంచుకునేందుకు వీటిలో చోటు లేదు. విదేశాల్లో చదువుతున్న పిల్లలు అక్కడి అలవాటును, గింజలను, గంజాయి కలిపిన మిఠాయిలను ఇంటికి తేరాదని తల్లిదండ్రులు ముందుగానే చెప్పడం మంచిది.

ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అందం కోసం ఒక్క మొక్క పెంచినా నేరమేనా?
జవాబు: నేరమే. ఉద్దేశం ఏదైనా, అనుమతి లేకుండా గంజాయి మొక్కను సాగు చేయడం 20(ఎ) కిందికి వస్తుంది.

ప్రశ్న: భంగు గంజాయి నిర్వచనంలో లేదు కదా, దాని కోసం మొక్క పెంచవచ్చా?
జవాబు: పెంచరాదు. ఆకు నిర్వచనం వేరు, మొక్క సాగు వేరు.

ప్రశ్న: మా చేను గట్టున దానంతట అదే మొలిచింది. ఏం చేయాలి?
జవాబు: దాచవద్దు. పోలీసులకు లేదా ఆబ్కారీ అధికారులకు తెలియజేసి వారి సమక్షంలో తొలగింపజేయండి.

ప్రశ్న: మా అబ్బాయి గదిలో మొక్క కనిపించింది. ఫిర్యాదు చేస్తే వాడి భవిష్యత్తు ఏమవుతుంది?
జవాబు: ముందుగా న్యాయవాదిని లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. అలవాటు ఉంటే వెంటనే వైద్యం మొదలుపెట్టండి. కాలయాపన చేస్తే కుటుంబసభ్యులకు కూడా చిక్కులు రావచ్చు.

ప్రశ్న: సమాచారమిచ్చినవారి పేరు బయటపడుతుందా?
జవాబు: సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవలసిందిగా అధికారిని బలవంతం చేయరాదని 68వ సెక్షన్ చెబుతున్నది.

అవసరమైన ఫోన్ నంబర్లు

తెలంగాణ ఈగల్ (మాదకద్రవ్యాల నిరోధక విభాగం): 1908
జాతీయ మాదకద్రవ్యాల సమాచార కేంద్రం ‘మానస్’: 1933
వ్యసన విముక్తి సలహాలకు: 14446
మానసిక ఆరోగ్య సలహాలకు ‘టెలి మానస్’: 14416
ఉచిత న్యాయసహాయానికి: 15100
అత్యవసర పోలీసు సాయానికి: 112